అప్‌డేట్: కుట్టు మిషన్‌లో కింద దారం ఉండ కట్టడం, సమస్య తీరింది

రిటైరయ్యాక పాత నేత చీరలతో బొంతలు కుడుతున్నా, కాలితో తొక్కే మిషన్, గుడ్డ కింద వైపు దారం ఉచ్చులు ఉచ్చులుగా వచ్చి ఉండ కట్టేస్తోందని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్ అండి.

కింద ఉచ్చులొస్తే తేడా చాలావరకు పైదారంలోనే ఉంటుంది, బాబిన్‌లో (కింద దారం చుట్టి పెట్టే చిన్న చక్రం) కాదు అని ఒకరు రాశారు చూడండి, అదే కరెక్ట్. రిపేర్ అబ్బాయి ఇంటికొచ్చి మొదట షటిల్ (కింద బాబిన్ ఉండే భాగం) వైపు చూడను కూడా లేదు, గుడ్డని నొక్కిపట్టే ఫుట్ పైకి లేపి, పైదారాన్ని బిగించే రెండు గుండ్రటి బిళ్ళల మధ్యలోంచి పల్చటి గుడ్డపేలిక అటూ ఇటూ లాగాడు, అంతే, నూగంతా ముద్దగా, దాంతో పాటు చిన్న ఎర్రదారం ముక్క బయటికొచ్చాయి. బిళ్ళలు దగ్గరికి రాక దారం వదులుగా జారిపోతోందట. పాత చీరలకి నూగు ఎక్కువ కదా మరి.

సూది మార్చడం, ఆయిల్ వేయడం, బాబిన్ కేస్ (బాబిన్ పెట్టే డబ్బీ) స్క్రూ తిప్పడం ఇవన్నీ నా మిషన్ సమస్యకి సంబంధం లేనివే. ఆ స్క్రూ జోలికి మాత్రం పోకండి, నేను తిప్పేసిన దాన్ని తర్వాత మళ్ళీ సెట్ చేయడానికే ఆ అబ్బాయికి ఎక్కువ టైం పట్టింది.

ఇప్పుడు నాలుగు పొరలు పెట్టినా కుట్టు నీట్‌గా పడుతోంది. మనవరాలి బొంతకి అంచులు వేస్తున్నా.