బొద్దింకను మీసం పట్టుకుని నడిపించుకెళ్లే పురుగు గురించి తెలిసినవాళ్లు చెప్పరా?

మాది విశాఖ, పెదవాల్తేరులో పాత ఇల్లు, కింది వాటా. మొన్న వంటింటి వెనక తూము దగ్గర ఒక పురుగు కనిపించింది. నెమలికంఠం రంగులో మెరుస్తోంది, వెనక కాళ్ల తొడలు మాత్రం ఎర్రగా ఉన్నాయి. తనకన్నా బాగా పెద్ద బొద్దింకను మీసం పట్టుకుని, ఆవును పలుపుతాడుతో తోలుకెళ్తున్నట్టు నడిపిస్తోంది. బొద్దింక చావలేదండీ, సొంత కాళ్లతోనే వెళ్తోంది! పారిపోదామన్న ధ్యాసే లేదు. మీసాలు సగానికి తెగి ఉన్నాయి.

ఇది జ్యువెల్ వాస్ప్ అనే కందిరీగ అనుకుంటున్నాను. అది మొదట ఛాతీలో కుడితే బొద్దింక ముందు కాళ్లు కాసేపు పడిపోతాయట. రెండోసారి తిన్నగా మెదడులోనే. తర్వాత కన్నంలోకి తీసుకెళ్లి, కాలి మీద గుడ్డు పెట్టి, రాళ్లతో మూసేస్తుంది. పిల్ల ఆ బొద్దింకనే బతికుండగా తింటుంది. ఇదంతా చెప్తే మా ఆవిడ టిఫిన్ మానేసింది.

ఇప్పుడు మా గోడ ఇటుక సందులో ఒక కన్నం గులకరాళ్లతో మూసి ఉంది. ఈ వారమే ఓనరు గారు పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలుస్తున్నారు. మందు కొడితే లోపలున్న పిల్ల కూడా పోతుందా? ఎన్నాళ్లకి బయటికొస్తుంది? మా పాప అక్కడే ఆడుకుంటుంది, మనుషుల్ని కుడుతుందేమోనని కొంచెం టెన్షన్. ఏయూలో జువాలజీ చదివినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఆ గోడ వరకు మందు కొట్టొద్దని ఓనరు గారికి చెప్పమంటారా?