ఆఫీసు ఆర్డర్ వాట్సాప్‌లో వస్తే చాలా? నంబరు వేసిన కాగితం ఉండాలా?

సచివాలయం డెస్క్: నేను ఒక గ్రామ సచివాలయంలో పని చేస్తాను. మొన్న శుక్రవారం రాత్రి 9:50కి మా మండలం గ్రూపులో ఒక ఎక్సెల్ షీటు పడింది. "రేపు ఉదయం 10 లోపు నింపి పంపాలి, మోస్ట్ అర్జెంట్". నా ఫోన్‌లో ఆఫీసు గ్రూపులే పదకొండు ఉన్నాయి. ఆ షీటు కింద ముప్ఫై "నోటెడ్ సర్"లు, మధ్యలో ఎవరిదో పుట్టినరోజు కేకు. మా బాబుకు జ్వరం, నేను ఫోన్ చూడలేదు. మర్నాడు రెండో శనివారం, సెలవు. సోమవారం వెళ్లేసరికి సంజాయిషీ అడుగుతూ మెమో. గ్రూపులో పడేసిన మాట ఆర్డర్ అవుతుందా, కాదా? తిట్టడానికైతే రావద్దు, ఆ కార్యక్రమం ఆఫీసులో అయిపోయింది.

టపా పుస్తకం: అమ్మా, 34 ఏళ్లు సర్వీసు చేసి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. ఏ కాగితానికైనా నంబరు, తేదీ, సంతకం, ఎవరెవరికి కాపీ వెళ్లిందన్నది ఉండేవి. అందుకున్నవాడు టపా పుస్తకంలో పొడి సంతకం పెట్టేవాడు. రేపు గొడవ వస్తే ఇద్దరికీ అదే దిక్కు. వాట్సాప్‌లో పంపినాయన తర్వాత డిలీట్ కొడితే మీ చేతిలో ఏముంటుంది? 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా వాట్సాప్ నోటీసు చెల్లదని చెప్పింది కదా.

వరద డ్యూటీ: పుస్తకం గారూ, ఆ తీర్పును ఇక్కడికి లాక్కురాకండి. అది విచారణకు రమ్మని పోలీసులు బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35వ సెక్షన్ కింద ఇచ్చే నోటీసు సంగతి. రాకపోతే అరెస్టు దాకా వెళ్తుంది కాబట్టి కోర్టు అంత పట్టింది. ఎక్సెల్ షీటుకు దాన్ని అంటగట్టలేం.

నేను మండల స్థాయి ఆఫీసర్‌ని, కాబట్టి ఇక్కడ విలన్‌ని నేనే అనుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు అక్కడ డ్యూటీ చేశాను. ఏ వీధిలో ఎవరు చిక్కుకున్నారో గ్రూపులో లొకేషన్ పెడితే పడవ వెళ్లేది. అప్పుడు నంబరు వేసి టపాలో పంపమంటారా?

మామూలు రోజుల సంగతీ చెప్తాను. జిల్లా నుంచి రాత్రి 9కి టెలీకాన్ఫరెన్స్‌లో నాకు చెప్తారు, మర్నాడు 11కి రివ్యూలో అడుగుతారు. ఆ మధ్యలో ఏ కాగితం టైప్ చేయించను, ఎవరితో పంపను?

బీచ్ రోడ్డు: విపత్తులకు వాట్సాప్ అంటున్నారు కాబట్టి ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా విశాఖలో సెల్ టవర్లే పని చేయలేదు. మనిషి వెళ్లి మనిషికి చెప్పాల్సి వచ్చింది. అంతా ఫోన్ మీదే పెట్టుకుంటే ఆ రోజు ఎలా ఉంటుందో చూశాం. ఇంతకీ రెండో శనివారం అడిగిన ఆ షీటులో వరద ఏముందండీ?

సచివాలయం డెస్క్: మరుగుదొడ్ల లెక్క. పోయిన నెల ఇచ్చిందే, కాలమ్‌లు అటూ ఇటూ మార్చి మళ్లీ అడిగారు.

రాత్రి షిఫ్ట్: హైదరాబాద్‌లో ఐటీ జాబ్ నాది. మా దగ్గర ప్రతిదీ రాతలోనే, మెయిల్, టికెట్, మీటింగ్ నోట్స్ అన్నీ. అయినా సుఖం లేదు. క్లయింట్ కాల్ చివర్లో "ఎవరికైనా డౌట్లున్నాయా?" అంటాడు. అందరూ మ్యూట్‌లో మౌనం. కాల్ కట్టవగానే మా సొంత గ్రూపులో "ఏం చెప్పాడ్రా?" అని మొదలు. కాగితమా వాట్సాపా అన్నది నాకు రెండో ప్రశ్న. అర్థం కాలేదని, కుదరదని కింది మనిషి అనగలడా అన్నది మొదటిది.

అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ ప్రమాదం చూడండి. రాకెట్ సీళ్లతో ప్రమాదం ఉందని ఆ రాకెట్లు తయారు చేసిన థయోకోల్ కంపెనీ ఇంజనీరు రోజర్ బోజొలే 1985 జూలైలోనే మెమో రాశాడు. 1986 జనవరి 27 రాత్రి నాసాతో టెలీకాన్ఫరెన్స్ జరిగింది. ఇంత చలిలో ప్రయోగం వద్దని ఇంజనీర్లు చెప్పారు. నాసా వాళ్లు రుసరుసలాడారు. కంపెనీ వాళ్లు లైన్ ఆపి అరగంట సేపు తమలో తాము మాట్లాడుకున్నారు. ఇంజనీరింగ్ టోపీ తీసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకోమని ఒక పెద్ద అధికారి తన కిందాయనతో అన్నాడు. తిరిగి లైన్‌లోకి వచ్చి సరే అన్నారు, సంతకం పెట్టిన కాగితం ఫ్యాక్స్ చేశారు. మర్నాడు పైకి లేచిన 73 సెకన్లకు షటిల్ ముక్కలైంది, అందులోని ఏడుగురూ పోయారు. అక్కడ మెమో ఉంది, మీటింగ్ ఉంది, సంతకం ఉంది.

టపా పుస్తకం: బాగా చెప్పావు నాయనా. కానీ ఆ మెమో కాగితం మీద ఉండబట్టే తర్వాత విచారణలో నిజం బయటికొచ్చింది. నోటి మాటైతే "నాకెవరూ చెప్పలేదు" అనేవారు. కాగితం ప్రాణం కాపాడదు, ఒప్పుకుంటాను. తప్పు కిందివాడి నెత్తిన పడకుండా మాత్రం కాపాడుతుంది.

మెల్‌బోర్న్ తెలుగు: ఇక్కడ ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు 26 నుంచి చట్టం ఉంది. పని వేళలు దాటాక ఆఫీసు మెసేజ్ చూడకపోయినా, జవాబివ్వకపోయినా తప్పు కాదు. బాస్ పంపకూడదని కాదు, పంపొచ్చు. చూడనంటే అది అన్యాయమైన నిరాకరణా కాదా అన్నది పరిస్థితిని బట్టి తేలుతుంది, జీతం, హోదా, పని ఎంత అర్జెంట్ అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. నిజం చెప్పాలంటే మా మేనేజర్ ఇప్పటికీ రాత్రి పంపుతాడు, నేను ఇప్పటికీ చూస్తాను. చూడనందుకు మెమో మాత్రం రాదు.

బీచ్ రోడ్డు: మన దగ్గర ఎంపీ సుప్రియా సూలే ఇలాంటిదే 2018లో లోక్‌సభలో ప్రైవేటు మెంబర్ బిల్లుగా పెట్టారు. చట్టం కాలేదు.

వరద డ్యూటీ: చట్టం వచ్చినా రాత్రి 9 గంటల టెలీకాన్ఫరెన్స్ ఆగుతుందని నాకు నమ్మకం లేదు. ఒకటి ఒప్పుకుంటాను. ఆర్డర్ పెట్టే గ్రూపు వేరుగా, అడ్మిన్ తప్ప ఎవరూ రాయలేనిదిగా ఉండాలి. కేకులూ పువ్వులూ ఇంకోచోట పెట్టుకోవాలి. మా మండలంలో అలాగే చేశాను. మొదటి వారం నాకు 'నోటెడ్ సర్' రాక, చదివారో లేదోనని నాకే టెన్షన్ పట్టుకుంది.

టపా పుస్తకం: డెస్క్ గారూ, అడగడం మరిచాను. మీకు ఆ మెమో ఎలా ఇచ్చారు? అదీ వాట్సాప్‌లోనేనా?

సచివాలయం డెస్క్: లేదండీ. కాగితమే. నంబరు, తేదీ, సంతకం, ఆఫీసు ముద్ర అన్నీ ఉన్నాయి. అటెండర్ నా బల్ల దగ్గరికి తెచ్చి ఇచ్చి, అందుకున్నట్టు సంతకం పెట్టించుకుని వెళ్లాడు.

టపా పుస్తకం: చూశారా! పని చెప్పడానికి అక్కర్లేని కాగితం, తప్పు పట్టడానికి కావాల్సి వచ్చింది. వరద డ్యూటీ గారు ఏమంటారో?

వరద డ్యూటీ: దీనికి నా దగ్గర జవాబు లేదు. నేనూ అలాగే ఇస్తాను.

టపా పుస్తకం: సరే, ఆ మెమో పైన 'సూచిక' అని ఉంటుంది, ఏ ఉత్తర్వును మీరు పాటించలేదో దాని నంబరు అక్కడ రాయాలి. ఏం రాశారు?

సచివాలయం డెస్క్: "ఈ కార్యాలయపు వాట్సాప్ సందేశం" అని రాసి, నంబరు దగ్గర గీత పెట్టారు.

టపా పుస్తకం: సంజాయిషీ ఆ గీత దగ్గరే మొదలుపెట్టమ్మా.