ఓటు వేశామా, గుద్దామా, నొక్కామా? ఒంగోలు పార్లమెంటు సీటు నేర్పిన మూడు క్రియలు

2024 మే 13, పోలింగ్ రోజు. మా అమ్మ బూత్‌లోంచి బయటికొచ్చి, "రెండూ గుద్దేశా, ఇంక ఇంటికి పోదాం పదండి" అంది. బెంగళూరు నుంచి ఓటు కోసమే వచ్చిన మా అన్న కొడుక్కి నవ్వాగలేదు. "గుద్దడమేంది నాయనమ్మా, ఎవర్ని గుద్దావ్?" అని. వాడు మిషన్ తప్ప ఇంకోటి చూడలేదు మరి. అమ్మ తొలి ఓటు 1971లో, ఆవు దూడ గుర్తు మీద. అప్పటికి ఓటంటే రబ్బరు ముద్రే. చేత్తో గుద్దాలి, సిరా అంటాలి, కాగితం మడిచి పెట్టెలో వేయాలి.

ఇంటికొచ్చాక కూడా నాకు ఆ మాటే బుర్రలో తిరిగింది. ఓటుకి మనం వాడే క్రియలు మూడు: వేయు, గుద్దు, నొక్కు. ఈ మూడూ ఒకదానికొకటి పర్యాయపదాలు కావని నా అనుమానం. ఒక్కోటి ఒక్కో కాలపు పోలింగ్ బూత్‌లో పుట్టింది. ఒంగోలు పార్లమెంటు సీటు చరిత్ర పక్కన పెట్టుకుని చూస్తే ఇది తేలిగ్గా కనపడుతుంది.

మొదట 'వేయు'. 1952లో ఒంగోలు మద్రాసు రాష్ట్రం, గుంటూరు జిల్లాలో ఉంది. అప్పుడు ఓటు కాగితం మీద పేర్లూ లేవు, గుర్తులూ లేవు. అభ్యర్థికో పెట్టె, దాని మీద ఆయన గుర్తు. చాటుకి వెళ్ళి, మనకి నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. అంటే 'ఓటు వేశా' అనేది అప్పుడు అలంకారం కాదు, నిజంగా చేసిన పని. మా తాత ఆ ఎన్నిక గురించి చెప్పేటప్పుడు ఎప్పుడూ 'కాంగ్రెస్‌కి వేశా' అనేవాడు కాదు, 'ఎద్దుల పెట్టెలో వేశా' అనేవాడు. కాంగ్రెస్ గుర్తు అప్పట్లో కాడెద్దులు. ఎద్దులకి పేరుమోసిన ఊళ్ళో ఆ ఎద్దులే ఓడిపోయాయి. గెలిచిన ఇద్దరూ స్వతంత్రులు, మంగళగిరి నానాదాసు, పి. వెంకటరాఘవయ్య. (ఇద్దరేంటి అంటారా? అది కింద ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు, అడగండి.)

'గుద్దు' వచ్చింది 1962లో. ఆ సార్వత్రిక ఎన్నికల నుంచి పేర్లు, గుర్తులు అచ్చేసిన కాగితం మీద ముద్ర వేసే పద్ధతి పెట్టారు. ఆ ఏడాది ఒంగోలులో గెలిచింది కంకి కొడవలి, సీపీఐ అభ్యర్థి మాదాల నారాయణస్వామి. 1967లో మళ్ళీ కాడెద్దులు, ఈసారి సినిమా నటుడు కొంగర జగ్గయ్యతో. ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన గొంతు అది. లోక్‌సభకి వెళ్ళిన తొలి సినిమావాళ్ళలో ఆయనొకరు. 1971లో ఆవు దూడ, పి. అంకినీడు ప్రసాదరావు. 1977, 1980 రెండుసార్లూ పులి వెంకటరెడ్డి. 1984లో సైకిల్, బెజవాడ పాపిరెడ్డి. నలభై ఏళ్ళ పాటు మన నోట్లో నలిగిన మాట 'గుద్దు'. అందుకే అమ్మ తరం దాన్ని వదల్లేదు.

'నొక్కు' 2004లో. దేశమంతా మిషన్లు వచ్చిన ఎన్నిక అది.

ఇప్పుడు నా ప్రశ్న. బూత్‌లో పని మారినప్పుడల్లా కొత్త క్రియ వచ్చింది కదా, మరి 'ఓటు నొక్కాను' అని ఎవరూ ఎందుకు అనడం లేదు? 'బటన్ నొక్కా' అంటాం, 'సైకిల్ మీద నొక్కా' అంటాం. 'ఓటు నొక్కా' మాత్రం నోటికి రాదు. 'ఓటు గుద్దా' హాయిగా వస్తుంది. ఎందుకంటారు?

జవాబు (కందుకూరు నుంచి ఒక మాస్టారు)

మంచి ప్రశ్న పట్టావు నాయనా. 'నొక్కు'కి మన భాషలో మంచి పేరు లేదు. గొంతు నొక్కారు, డబ్బు నొక్కేశారు, వార్త నొక్కిపెట్టారు. 'ఓటు నొక్కారు' అంటే వినేవాడికి ఓటు కాజేశారనే తోస్తుంది. అందుకే జనం తెలివిగా ఆ క్రియకి 'బటన్' అని ఒక కర్మని వేరే తగిలించారు.

ఇంకో సంగతి గమనించావో లేదో. 'గుద్దు'కి 'కొను' చేర్చి చూడు. "ఆ ఊళ్ళో అందరూ గుద్దారు" అంటే పోలింగ్ బాగా జరిగిందని. "ఆ ఊళ్ళో వాళ్ళే గుద్దుకున్నారు" అంటే రిగ్గింగ్! 'వేసుకున్నారు' కూడా అంతే. 'వండుకున్నారు', 'రాసుకున్నారు'లో ఏ తప్పూ లేని ప్రత్యయం, ఓటు దగ్గరికి రాగానే నేరమైపోయింది. నేను పోలింగ్ డ్యూటీలు చేసినవాణ్ణి, ఈ తేడా తెలియకపోతే రాత్రికి నిద్రపట్టేది కాదు.

జవాబు (కావలి)

అన్నా, విభక్తి సంగతి కూడా చూడండి. 'ఎవరికేశావ్?' అంటాం, 'కి' వస్తుంది. గుద్దడానికి, నొక్కడానికి 'మీద' వస్తుంది. పెట్టె పోయింది కాబట్టి 'పెట్టెలో' పోయి 'కి' మిగిలింది అంటారా? నాకైతే 'గేదెకి మేత వేశా'లో ఉన్న 'కి'నే ఇక్కడా ఉందనిపిస్తుంది. ఆవు దూడ గుర్తు రోజుల్లో అతికినట్టు సరిపోయి ఉంటుంది 🙂

జవాబు (పోస్టు రాసినవాణ్ణే)

మాస్టారూ, 'గుద్దుకున్నారు' నాకు తట్టనే లేదు, దండాలు. కావలి తమ్ముడూ, మేత పోలిక బాగుంది గానీ, 'దండ వేశా', 'ముద్ద వేశా' కూడా ఉన్నాయి కదా. ఇచ్చేదేదైనా 'కి'నే. వేయు నిలబడిపోవడానికి కారణం అదేననుకుంటా. పెట్టెలు పోయినా, ఎవరికో ఇస్తున్నామన్న అర్థం అందులో ఉండిపోయింది. 'గుద్దు'లో గుర్తు ఉంది గానీ మనిషి లేడు. "జగ్గయ్యకి గుద్దా" అంటే వేరే అర్థమొస్తుంది!

జవాబు (దర్శి)

ఇద్దరు గెలవడమేంటి? ఒక సీటుకి ఇద్దరా?

జవాబు (పోస్టు రాసినవాణ్ణే)

వచ్చారూ! ఆ రోజుల్లో కొన్ని చోట్ల ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి. ఒకటి జనరల్, ఒకటి ఎస్సీకో ఎస్టీకో రిజర్వు. ఓటరుకి రెండు ఓట్లు, రెండూ ఒకే అభ్యర్థికి చెల్లవు. 1952లో ఒంగోలు అలాంటిదే. తర్వాత 1957లో గెలిచింది ఒక్కరే, రొండా నారపరెడ్డి, కాంగ్రెస్.

ఈ పద్ధతికి చివరి దెబ్బ మన తెలుగు నేలలోనే పడింది. 1957లో పార్వతీపురంలో వి.వి. గిరి జనరల్ సీటుకి పోటీ చేస్తే, ఓట్లు ఎక్కువ వచ్చిన ఇద్దరూ గిరిజన అభ్యర్థులే అయ్యారు. ఒకరు రిజర్వు సీటుకి, రెండో ఆయన డిప్పల సూరిదొర జనరల్ సీటుకి. గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 1959లో అక్కడా ఓడారు. 1961లో చట్టం చేసి ద్విసభ్య స్థానాలు ఎత్తేశారు.

భాషగా చూస్తే తమాషా ఏంటంటే, 'ఏకసభ్య నియోజకవర్గం' అనే మాట ద్విసభ్య ఉన్నందుకే పుట్టింది. ఫారం కోడి వచ్చాకే మన కోడి 'నాటుకోడి' అయినట్టు. ఇక్కడ మాత్రం ఫారం కోడి చచ్చిపోయింది, 'నాటు' అనే విశేషణం పాఠ్యపుస్తకాల్లో మిగిలింది.

జవాబు (కందుకూరు మాస్టారు)

'నియోజకవర్గం' మాటనీ విడదీయి మరి. నియోజకులు అంటే నియమించేవాళ్ళు, వర్గం అంటే వాళ్ళ గుంపు. మనుషుల పేరది, మనం నేలకి పెట్టేశాం. 'నియోజకవర్గంలో వానలు పడ్డాయి' అని పేపర్లో చదివితే నాకు నవ్వొస్తుంది. మా కందుకూరు సంగతే చూడు. 2009 నుంచి మేం ఎంపీకి నెల్లూరులో వేస్తాం, జిల్లా మాత్రం అప్పటికి ప్రకాశం. 2022లో జిల్లా కూడా నెల్లూరైంది. మేం కదల్లేదు, గీతలు కదిలాయి.

జవాబు (ఒంగోలు, ఒక అక్క)

గుర్తుల లిస్టు 1984 దగ్గర ఆపేశావేం? అసలు కథ ఆ తర్వాతే. 1989లో మేకపాటి రాజమోహన్‌రెడ్డి, 1991లో మాగుంట సుబ్బరామరెడ్డి, ఇద్దరూ హస్తమే. 1995 డిసెంబరులో సుబ్బరామరెడ్డి హత్య జరిగాక, 1996లో ఆయన భార్య పార్వతమ్మ గెలిచారు. 1998లో మాగుంట శ్రీనివాసులురెడ్డి హస్తం మీద, 1999లో కరణం బలరాం సైకిల్ మీద. 2004, 2009లో మళ్ళీ శ్రీనివాసులురెడ్డి హస్తం. 2014లో ఆయనే సైకిల్ ఎక్కి వైవీ సుబ్బారెడ్డి చేతిలో ఓడారు. 2019లో ఫ్యాన్ మీద శ్రీనివాసులురెడ్డికే 2 లక్షల పైచిలుకు మెజారిటీ. 2024లో మళ్ళీ సైకిల్, 50 వేల పైచిలుకుతో గెలుపు.

అంటే మా ఇంట్లో మా అత్త ఒకే మనిషికి మూడు గుర్తుల మీద ఓటేసింది. 1998లో గుద్దింది, తర్వాత నొక్కింది. 'గుర్తు' అంటే జ్ఞాపకం అనే అర్థం కూడా ఉంది కదా. ప్రతిసారీ బూత్‌కి వెళ్ళే ముందు మా మామ అడిగేవాడు, "ఈసారి గుర్తు గుర్తుందా?" అని.

జవాబు (దర్శి)

'ఓటు', 'ఓటమి' చుట్టాలేనా మరి?

జవాబు (కందుకూరు మాస్టారు)

కాదు. ఓటు ఇంగ్లిష్ నుంచి వచ్చింది, ఓటమి మన 'ఓడు' నుంచి. పక్కింటివాళ్ళు, అంతే.

జవాబు (గిద్దలూరు)

మీరంతా నొక్కు, నొక్కు అంటున్నారు గానీ, మా వైపు ఎవరూ నొక్కరు. 'ఒత్తుతాం'. "బటన్ ఒత్తినావా?" అనే అడుగుతారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మేం కర్నూలోళ్ళం కదా, ఆ మాట అటు నుంచి వచ్చిందేమో. 'ఒత్తు'కి మీరు చెప్పిన చెడ్డ అర్థాలేవీ లేవు. "ఓటు ఒత్తినా" అని మా నాయన అనంగా విన్నా నేను.

జవాబు (పోస్టు రాసినవాణ్ణే)

అన్నా, నాలుగో క్రియ! ఇది నాకు తెలియనే తెలియదు. మార్కాపురం, ఎర్రగొండపాలెం వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, మీరు కూడా ఒత్తుతారా, నొక్కుతారా?