ఇటాచీ ఫ్యాన్ థీమ్‌లు 11 ఉన్నాయి, ఏది మేలో తేల్చేది ఎట్లా?

బురుజు_కింద (కర్నూలు)

నరుటో అనే జపాన్ యానిమే సిరీస్‌లోని ఇటాచీ పాత్రకు జనం సొంతంగా చేసిన థీమ్‌లు (పాత్రను గుర్తుచేసే బాణీలు) 11 పోగైనాయి. వీటిలో 3 ఏరి కాలేజీ ఫెస్టులో వేయాల. మార్కులేసేది ఆరుగురం. మొదటి విడతలో అందరి మార్కులూ 7కూ 8కీ మధ్యనే ఇరుక్కున్నాయి, ఏదీ తేలలేదు.

ఫైళ్ల సంగతి: 4 అసలు సిరీస్ బాణీనే గిటార్ మీదో పియానో మీదో మళ్లీ వాయించినవి. 6 పూర్తిగా సొంత బాణీలు. ఒకటి రెండు బాణీలను కలిపి కుట్టిన రీమిక్స్. నిడివి 1 నిమిషం 10 సెకన్ల నుంచి 5 నిమిషాల దాకా ఉంది. కొన్ని వేవ్ (కుదించని ఆడియో) ఫైళ్లు, కొన్ని యూట్యూబ్ లింకులు. వినేది హాస్టల్ రూములో ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ మీద. ఇద్దరి దగ్గర వైరు హెడ్‌ఫోన్లు ఉన్నాయి.

ఏ లెక్కన పోల్చాల? దేనికెన్ని మార్కులు పెట్టాల? (కథ పూర్తిగా చూడనోళ్లు కింది జవాబులు చదవొద్దు, గుట్టు బయటపడుతుంది.)

పెన్నా_బేస్ (అనంతపురం)

మార్కుల సంగతి తర్వాత, ముందు సౌండ్ సమం చేయండప్పా. రెండింటిలో ఒకటి 1 డీబీ (డెసిబెల్) ఎక్కువ మోగితే చెవికి అది 'ఎక్కువ మోగుతాంది' అని తెలియదు, 'ఇదే బాగుంది' అనిపిస్తాది.

ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ తీయండి. పర్సీవ్డ్ లౌడ్‌నెస్ ఎంచుకుని మైనస్ 18 ఎల్‌యుఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా తోస్తాదో కొలిచే లెక్క) కొట్టండి. దాంట్లో ముందే ఉండే అంకె మైనస్ 23. అదీ తప్పు కాదు గానీ మీ స్పీకర్ వాల్యూమ్ చివరిదాకా తిప్పాల్సొస్తాది. గట్టిగా మోగేదాన్ని దించడమే పద్ధతి, మెల్లగా ఉన్నదాన్ని లేపడం కాదు. మెటల్ గిటార్ వెర్షన్ మైనస్ 8 దగ్గర ఉంటే 10 డీబీ దించినా దానికేమీ కాదు. పియానో వెర్షన్ మైనస్ 24లో ఉందనుకోండి, దాన్ని మైనస్ 14కి లేపితే మీటు పడిన ప్రతిచోటా 0 (ఫైలు మోయగలిగే హద్దు) దాటి పగులుతాది. మైనస్ 18కి తెచ్చినాక కూడా పీక్ (అన్నిటికంటే గట్టిగా మోగిన చోటు) చూసుకోండి. ఏదైనా మైనస్ 1 దాటితే మొత్తం 11నీ మైనస్ 20కి దించండి. లిమిటర్ (గట్టి మోతలను నొక్కేసే ఎఫెక్ట్) మాత్రం వేయొద్దు. వేసినారంటే చేసినోళ్ల పనిలో మీరు చెయ్యి పెట్టినట్టే.

యూట్యూబే సమం చేస్తాది కదా అని అక్కడే వరసగా వినొద్దు. అది మైనస్ 14 కంటే గట్టిగా ఉన్నవాటిని దించుతాదే గానీ మెల్లగా ఉన్నవాటిని లేపదు. కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' చూడండి. నార్మలైజ్డ్ 62 శాతం, కంటెంట్ లౌడ్‌నెస్ 4.1 డీబీ అని ఉంటే దాన్ని అంత తగ్గించి వినిపిస్తాందని అర్థం. మైనస్ 5 డీబీ అని ఉంటే ఆ పాట అట్లనే చిన్నగా మోగుతాది, పాపం. అందుకే చేసినోళ్లనే వేవ్ ఫైలు పంపమని అడగండి. ఇస్తారు.

చిన్న బ్లూటూత్ స్పీకర్ 100 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ ఇవ్వదు. టైకో అనే జపాన్ డ్రమ్ముల మీద నిలబడిన థీమ్ దాంట్లో చప్పిడి కూడులా ఉంటాది. హెడ్‌ఫోన్లు వాడండి. అదీ రెండు రకాలు కాదు, ఒకే జత ఆరుగురూ వంతులేసుకుని.

ఇంకోటి: ఫ్యాన్ థీమ్ వినేటప్పుడు నెత్తి మీది ఫ్యాన్ ఆపండి. నవ్వులాటకు చెప్పడంలేదు. షకుహచి అనే జపాన్ వేణువులో ఊపిరి చప్పుడు, కోటో అనే జపాన్ తీగ వాయిద్యంలో మోత చివర సన్నగా ఆరిపోయే మోత, రెండూ ఫ్యాన్ గాలిలోనే కలిసిపోతాయి. ఈ ఎండల్లో ఎంతసేపని ఆపుతారంటే, మొత్తం పాట వద్దు, ఒక్కోదాంట్లో 40 సెకన్ల ముక్క చాలు.

ఏడురోడ్ల_స్వరం (కడప)

సౌండ్ సంగతి అన్న చెప్పినాడు. నాది స్కేలు (బాణీ వాడే స్వరాల వరస) గొడవ.

ముందుగా ఆ 4 కవర్లనూ (అసలు బాణీని మళ్లీ వాయించినవాటిని) సొంత బాణీలతో ఒకే పంక్తిలో కూర్చోబెట్టొద్దు. విన్న బాణీ కాబట్టి వాటికి ఊరికే ఒక మార్కు ఎక్కువ పడిపోతుంది. రీమిక్స్‌ను అసలు పోటీలోంచే తీసేయండి. దాంట్లో చూడాల్సింది ఎడిటింగ్, బాణీ కాదు.

ఇప్పుడు ఆ 6 సొంత బాణీలు. ఇట్లాంటి థీమ్‌లు చేసేవాళ్లు ఎక్కువగా జపాన్ ఐదు స్వరాల స్కేళ్లు పట్టుకుంటారు. అవి మన చెవికి కొత్తవి కావు, చిక్కు అక్కడే. మియాకోబుషి అంటే స రి1 మ1 ప ధ1 (అంకె ఆ స్వరంలో ఏ రకమో చెప్తుంది), మన కర్ణాటక శుద్ధ సావేరి స్వరాలు. ఇన్‌సెన్ అంటే స రి1 మ1 ప ని2, అచ్చం రేవతి. గిటార్ పుస్తకాల్లో కుమోయి అని రాసేది స రి2 గ2 ప ధ2, అంటే శివరంజని. హిరాజోషి అని రాసేదాంట్లో ఆ ధ ఒక్కటి అరమెట్టు కిందికి దిగుతుంది.

తాళ్లపాక మాకు పక్కనే. అన్నమయ్య 'నానాటి బదుకు నాటకము' రేవతిలో విని పెరిగిన చెవికి ఇన్‌సెన్‌లో కట్టిన ఇటాచీ బాణీ వైరాగ్యంగా, గుడి మండపంలో కూర్చున్నట్టు తోస్తుంది. చేసినవాళ్లు అక్కడ కత్తి అంచు అనుకుని ఉండొచ్చు. శివరంజని అయితే ఇంకా కష్టం, సినిమాలో హీరోయిన్ తల్లి పోయిన సీనే కళ్ల ముందుకొస్తుంది. మార్కులేసే ఆరుగురిలో సంగీతం నేర్చుకున్నవాళ్లుంటే ఈ సంగతి ముందే చెప్పండి. 'నాకు ఏదో గుర్తొచ్చింది' అనేది పాట గుణమూ కాదు, దోషమూ కాదు.

స్కేలు ఒకటే అయినా తేడా చూపించేది స్వరం పలికే తీరు. మన గాత్రంలో స్వరం ఊగుతుంది. కోటోలో కుడిచేత్తో మీటి, తీగ కింది బ్రిడ్జికి అవతలి వైపు తీగను ఎడమచేత్తో నొక్కి అరమెట్టో మెట్టో పైకి లేపుతారు. పైకి పోయి అక్కడ నిలుస్తుంది. షకుహచికి ఉండేది 5 రంధ్రాలే. నడిమి స్వరాలు గడ్డం దించి, రంధ్రం సగం మూసి రాబట్టాలి. అట్లా వచ్చిన స్వరం కాస్త మసకగా, బలహీనంగా ఉంటుంది. కీబోర్డు మీద చేసినవాళ్లు అన్ని స్వరాలనూ ఒకే బలంతో నొక్కి, పిచ్ వీల్‌తో (స్వరాన్ని వంచే చక్రంతో) ప్రతిదానికీ ఒకే వంపు పెట్టారంటే మొదటి 10 సెకన్లలో తెలిసిపోతుంది. వేణువు 20 సెకన్లు ఊపిరి తీసుకోకుండా సాగినా అంతే. షమిసెన్ అనే జపాన్ తీగ వాయిద్యంలో లావు తీగకు సవారి అనే జుమ్మనే మోత ఉంటుంది, మన తంబూరాకు జీవా దారం పెట్టినట్టు. బాంజో శాంపిల్ (ముందే రికార్డు చేసి పెట్టిన వాయిద్యం మోత) పెట్టి షమిసెన్ అన్నారంటే ఆ మోత దొరకదు.

అయితే దీనికి 10లో 2 మార్కులకు మించి వద్దు. వాయిద్యం అసలుదా కాదా అనేదానికే ఎక్కువ మార్కులు పోతే, డబ్బు పెట్టి మంచి శాంపిళ్లు కొన్నవాళ్లే గెలుస్తారు.

గుత్తికోట_గిటార్

పై ఇద్దరూ చెప్పింది సరే, కానీ అసలు ప్రశ్న మిగిలే ఉంది: అది ఇటాచీ థీమేనా, లేక ఏ నల్లకోటు వేసుకున్నోడికైనా సరిపోయే థీమా?

పాత్ర థీమ్ అంటే గుర్తుండే చిన్న ముక్క, మామూలుగా 4 నుంచి 7 స్వరాలు. పాట ఒక్కసారి వినిపించి, 10 నిమిషాలు వేరే పనిలో పడి, మళ్లీ వినకుండా కూనిరాగం తీయమనండి. ఆరుగురిలో నలుగురు ఒకే ముక్క తీస్తే దాంట్లో మోటిఫ్ ఉన్నట్టు. 'ఢాం ఢాం అని డ్రమ్ములొస్తాయి, కోరస్ ఒకటుంది' అని చెప్పినారంటే లేనట్టు. కోరస్, టైకో, వాన చప్పుడు, కాకి అరుపు ఇవన్నీ ఒంటిమీది సొమ్ములు. ఇటాచీ అనగానే కాకి అరుపు పెట్టడం మరీ సులువు దారి.

రెండోది మార్చి చూడటం. ఆ బాణీని అదే కథలోని మదారా అనే విలన్ వచ్చే సీన్ మీద, సౌండ్ తీసేసి పెట్టి చూడండి. అంతే బాగా అతుక్కుంటే అది ఇటాచీకి ప్రత్యేకం కాదు. నా లెక్కలో ఇదే పెద్ద పరీక్ష, ఎక్కువ థీమ్‌లు ఇక్కడే పడిపోతాయి. ఇటాచీకి రెండు ముఖాలుండాయి. పైకి వంశాన్ని తుడిచిపెట్టినోడు, లోపల తమ్ముడి కోసం ఆ నిందంతా మోసినోడు. కాబట్టి మొదట చల్లగా వినిపించిన ఆ 5 స్వరాలే తర్వాత ఎక్కడో నిదానంగా, వేరే శ్రుతుల మీద, ప్రేమగా తిరిగి రావాల. వేగం సగానికి తగ్గించొచ్చు, కింద మైనర్ కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) బదులు మేజర్ పెట్టొచ్చు, ఒక్క స్వరం మార్చొచ్చు. అట్లా తిప్పినోళ్లు కథ చదివి చేసినట్టు. మొదటి నుంచి చివరిదాకా ఒకే ఏడుపు ఏడిస్తే సగం ఇటాచీనే.

ఒక మోసం చెప్తా, జాగర్త. సి శ్రుతిలో ఎఫ్, జి, ఇ మైనర్, ఎ మైనర్ ఈ కార్డ్‌ల వరస జపాన్ పాప్‌లో ఎంత వాడకమంటే దానికి అక్కడ 'రాజమార్గం' అనే పేరే ఉంది. దాని మీద ఏ బాణీ పెట్టినా గుండె పట్టేస్తాది. కాబట్టి కార్డ్‌లు తీసేసి బాణీ ఒక్కదాన్నే ఒక వేలితో కీబోర్డు మీద వాయించి వినండి. నిలబడిందా, అది బాణీ. కూలిపోయిందా, ఇంతసేపూ మిమ్మల్ని ఏడిపించింది ఆ కార్డ్‌లు.

మార్కులు నేనైతే ఇట్లా వేస్తా: మోటిఫ్ 4, దాన్ని తిప్పిన తీరు 3, వాయిద్యాలు 2, మిక్సింగ్ 1. కవర్ల విషయంలో కడప అన్నతో సగమే ఒప్పుకుంటా. వేరే పంక్తి సరే గానీ, దాంట్లో ఏమి మార్చినారో దానికే మార్కు. ఉన్న బాణీని ఉన్నట్టు వేగంగా వాయించడం వేళ్ల కసరత్తు.

6 బాణీలను జతలుగా వినండి, అంకెలు వేయొద్దు. 15 జతలవుతాయి, ముక్క 40 సెకన్లయితే మనిషికి 20 నిమిషాల పని. ప్రతి జతలో 'ఇదా, అదా' అంతే. అప్పుడు 7, 8 మధ్య ఇరుక్కోవడం ఉండదు.

పెన్నా_బేస్ (అనంతపురం)

జతలుగా వినేటప్పుడు ఫైళ్ల పేర్లు తీసేసి అంకెలు పెట్టండి, ఆ అంకెలు పెట్టినోడు మార్కులేయకూడదు. వరస కూడా ఒక్కొక్కరికీ మార్చాల. రెండోసారి విన్నది చెవిలో తాజాగా ఉంటాది కాబట్టి సగంమందికి అ-ఇ, సగంమందికి ఇ-అ.

టైకో బదులు ఎవరైనా మా జిల్లా ఉరుములనే జానపద వాయిద్యాలు వాడి ఉంటే 'జపాన్‌లా లేదే' అని కొట్టేయొద్దు. సిరీస్ సంగీతంలోనే షమిసెన్ పక్కన రాక్ గిటార్ వాయించినారు.

బురుజు_కింద (కర్నూలు)

అందరికీ థ్యాంక్స్. మైనస్ 18కి సమం చేసినాము. కానీ 3వ నంబర్, 5వ నంబర్ ఇంకా గట్టిగానే కొడతాండాయి. మీటర్‌లో మాత్రం మైనస్ 18 అనే చూపిస్తాంది. ఎక్కడ తప్పు చేసినాము?

పెన్నా_బేస్ (అనంతపురం)

రెండు కారణాలు ఉండొచ్చు.

మొదటిది: మీరు మొత్తం పాటను సమం చేసి, తర్వాత ముక్క కోసినారు. మీటర్ చూపించేది పాట మొత్తానికి సగటు. 3 నిమిషాల పాటలో మొదటి 2 నిమిషాలు చివరి నిమిషం కంటే 8 డీబీ మెల్లగా ఉందనుకోండి. సగటును మైనస్ 18కి తెస్తే ఆ చివరి నిమిషం మైనస్ 14.4 దగ్గర మోగుతాది. మీరు కోసింది ఆ చివరి నిమిషంలోంచే కదా! విచిత్రమేమంటే, మొదటి భాగం మరీ మెల్లగా 20 డీబీ కింద ఉంటే ఈ గొడవే రాదు. సగటు కంటే 10 కింద ఉన్నదాన్ని మీటర్ లెక్కలోకే తీసుకోదు. మందు ఒకటే: ముందు 40 సెకన్లు కోయండి, ఆ ముక్కను కొత్త ఫైలు చేసి అప్పుడు నార్మలైజ్ చేయండి. కోసిన రెండు చివరలా అర సెకను ఫేడ్ పెట్టండి, లేకుంటే టిక్కుమంటాది.

రెండోది: ఆ ఫైలు మోనో (ఒకే చానల్‌ది) అయ్యుండొచ్చు. అదే లౌడ్‌నెస్ నార్మలైజేషన్ డబ్బాలో కింద 'ట్రీట్ మోనో యాజ్ డ్యూయల్ మోనో' అని టిక్ ఉంటాది. అది తీసేసి ఉంటే మోనో ఫైలును 3 డీబీ తక్కువగా కొలిచి, ఆ మేరకు 3 డీబీ ఎక్కువ లేపుతాది.

బురుజు_కింద (కర్నూలు)

రెండూ దొరికినాయన్నా. 5వది మీరు చెప్పినట్టు మెల్లగా మొదలయ్యే పాటే. 3వది మోనో, టిక్ లేదు. సరిచేసి జతలు మళ్లీ విన్నాక 3వది ఒకటో స్థానం నుంచి నాలుగుకి దిగింది. ఒంటి వేలి పరీక్షలో కూడా అది నిలబడలేదు. స్టేజీ మీద వేసేటప్పుడు ఏమైనా చూసుకోవాల్నా? ఒకటి లూప్‌లో తిప్పాల, యాంకర్ మాట్లాడేదాకా.

ఏడురోడ్ల_స్వరం (కడప)

లూప్ అయితే ఎంపీ3 వాడొద్దు. ఆ ఫార్మాట్ మొదట్లో దాదాపు 25 మిల్లీసెకన్ల ఖాళీ చేరుస్తుంది, తిరిగి మొదలైన ప్రతిసారీ తాళం తడబడుతుంది. వేవ్ పెట్టండి. మిక్సర్ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఒకసారి వినిపించి చూడండి కూడా. 44100 శాంపిల్ రేటులో (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచారో ఆ అంకె) రికార్డయిన ఫైలును 48000గా నడిపిస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర అరమెట్టు పైకి పోతుంది, పాట తొందరపడుతుంది. లైవ్‌లో పక్కన ఎవరైనా గిటార్ వాయిస్తుంటే అప్పుడు తెలుస్తుంది బాధ.