ఎనిమిది వేల రూపాయల్లో మొదటి సింగిల్ రోటర్ హెలికాప్టర్: ఏది తీసుకోవడం మంచిది?

ప్రశ్న (ఖమ్మం నుంచి)

అందరికీ నమస్కారం. ఒకదానిపై ఒకటిగా రెండు రోటర్లు తిరిగే చిన్న బొమ్మ హెలికాప్టర్‌ను కొంతకాలంగా ఇంట్లో ఎగరేస్తున్నాను. గాలిలోకి లేచాక అది దాదాపు తనంతట తానే నిలబడుతుంది, పక్కకు జరపడం దానికి చేతకాదు, కాబట్టి దానితో నేర్చుకోవలసింది ఇక ఏమీ లేదనిపిస్తోంది. అసలైన హెలికాప్టర్‌కు ఉన్నట్టు పైన ఒకే రోటరు, తోక చివర చిన్న రోటరు ఉన్నదాన్ని కొనాలనుకుంటున్నాను. రిమోటు, అదనపు బ్యాటరీలు, విడిభాగాలు అన్నీ కలిపి ఎనిమిది వేల రూపాయలకు మించి పెట్టలేను. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి కూడా దీన్ని నడుపుతాడు.

నా ముందు మూడు దారులు ఉన్నాయి. గాలి పీడనాన్ని కొలుస్తూ తన ఎత్తును తానే నిలుపుకునే సి129 రకం ఒకటి. ఆ సౌకర్యం లేని డబ్ల్యూఎల్‌టాయ్స్ వి911ఎస్ ఇంకొకటి. ఇవి కాక, హైదరాబాదులో ఒకాయన తాను వాడిన 450 సైజు హెలికాప్టర్‌ను రిమోటుతో సహా ఏడు వేలకే ఇస్తానంటున్నారు. కొత్తదాని ధరతో పోలిస్తే అది చాలా చౌక కనుక మనసు అటే లాగుతోంది. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు (హైదరాబాద్ నుంచి)

ముందుగా ఆ 450ని పక్కన పెట్టండి. ఆ సైజులో ఒక్కొక్క ప్రధాన రెక్క 325 మిల్లీమీటర్ల పొడవుంటుంది, నడిమి హబ్బుతో కలిపి రోటరు వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు అవుతుంది. అది నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతున్నప్పుడు రెక్క కొన వేగం గంటకు 330 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చుట్టుకొలతను చుట్లతో గుణించి మీరే సరిచూసుకోవచ్చు. 2013లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఇంతకంటె పెద్ద నమూనా హెలికాప్టర్ రెక్కలు తగిలి, దాన్ని నడుపుతున్న 19 ఏళ్ల యువకుడే ప్రాణాలు కోల్పోయాడు. అతడు ఈ విద్యకు కొత్తవాడు కూడా కాదు. ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లవాడు ఉన్నాడని మీరే రాశారు కాబట్టి ఈ విషయం ముందే చెప్పవలసి వచ్చింది.

ప్రమాదం మాట అటుంచినా, ఏడు వేలు దాని ప్రవేశ రుసుము మాత్రమే. ఆ సైజు హెలికాప్టర్ ఒక్కసారి పక్కకు ఒరిగి నేలను తాకితే రెక్కలు, ప్రధాన షాఫ్టు, రెక్కల మధ్యనుండే ఫెదరింగ్ షాఫ్టు, తోక గొట్టం, పెద్ద పళ్లచక్రం, రెక్కల కోణాన్ని మార్చే సర్వోలనే చిన్న మోటార్లలో ఒకటి రెంటి లోపలి పళ్లు కలిసికట్టుగా పోతాయి. పైగా వాడినదాని షాఫ్టు ఏ మేరకు వంగి ఉందో, సర్వోలు ఎంత అరిగి ఉన్నాయో, తోక తిరుగుడును పసిగట్టి సరిదిద్దే గైరో సరిగా అమర్చి ఉందో లేదో కొత్తవారు కంటితో చూసి పట్టుకోలేరు. అమ్మే ఆయన మంచివారే కావచ్చు, యంత్రం కూడా మంచిదే కావచ్చు, కాని అది రెండో మెట్టు తరువాత కొనవలసిన వస్తువు.

ఇక మిగిలిన రెండూ ఒకే జాతివి, అంటే రెక్కల కోణం మారని ఫిక్స్‌డ్ పిచ్ రకం. వీటిలో పైకి లేవాలంటే రోటరు వేగం పెరగాలి, కిందికి దిగాలంటే తగ్గాలి. కలెక్టివ్ పిచ్ రకంలో రోటరు వేగం ఇంచుమించు ఒకే తీరుగా ఉండి రెక్కల కోణమే మారుతుంది కనుక అవి చేతి కదలికకు వెంటనే స్పందిస్తాయి, తలకిందులుగా కూడా ఎగురుతాయి. ఆ వెంటనే స్పందించడమే కొత్తవారికి చిక్కు. మీ బడ్జెట్టుకు ఫిక్స్‌డ్ పిచ్ చాలు, నేర్చుకునే తొలి దశకూ అదే సరిపోతుంది.

సి129, వి911ఎస్‌లలో నేను వి911ఎస్‌నే ఎంచుకుంటాను, కారణం ఆ ఎత్తు నిలిపే సౌకర్యమే. రెండు రోటర్ల బొమ్మలో ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకు తిరుగుతుంది, ఒకదాని ఎదురు తిప్పుడును మరొకటి రద్దు చేస్తుంది. ఒకే రోటరు ఉన్నప్పుడు శరీరం దానికి ఎదురు దిశలో తిరగబోతుంది, ఆ తిరుగుడును తోక రోటరు ఆపుతుంది. ఇప్పుడు మీరు హెలికాప్టర్‌ను ముందుకు వంచారనుకోండి, పైకి లేపే బలంలో కొంత భాగం ముందుకు నెట్టడానికి పోతుంది కనుక ఎత్తు తగ్గుతుంది. ఎత్తు నిలపడానికి రోటరు వేగాన్ని మార్చే ఎడమ చేతి మీటను, అంటే థ్రాటిల్‌ను, పెంచితే ఎదురు తిప్పుడు పెరిగి ముక్కు పక్కకు పోతుంది. గైరో దాన్ని చాలావరకు సరిదిద్దినా మిగిలినది మీ చేతి పని. రెండు చేతులూ ఒకదాని పని ఒకటి కనిపెట్టుకుంటూ నడవడమే ఈ విద్యలో అసలు భాగం. ఎత్తును యంత్రానికి అప్పగిస్తే ఎడమ చేతికి సగం పాఠం తప్పిపోతుంది, తరువాత పెద్ద హెలికాప్టర్ దగ్గర దాన్ని మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. మీ అబ్బాయికి సి129 ఎక్కువ నచ్చుతుందన్న సంగతి మాత్రం నేను కాదనలేను.

డబ్బు విషయంలో నా అభిప్రాయం ఒక్కటే. ఉన్నదాంట్లో సగానికి కాస్త అటూ ఇటూగా మాత్రమే హెలికాప్టర్‌కు ఖర్చుపెట్టి, మిగిలినది బ్యాటరీలకూ, రెక్కలకూ, తోక మోటారుకూ ఉంచుకోండి. ఏది కొన్నా అది పడటం ఖాయం కనుక, ఒక్కొక్క పతనానికి ఎంత ఖర్చవుతుందో చూసి కొనేవారు ఈ అభిరుచిలో ఎక్కువకాలం నిలుస్తారు.

జవాబు (విశాఖపట్నం నుంచి)

450 గురించి పై మిత్రులు రాసినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే మిగిలిన రెంటిలో ఏది అన్న ప్రశ్నకంటె ముందు రావలసిన ప్రశ్న మరొకటి ఉంది. హెలికాప్టర్‌కు పెట్టే డబ్బులో కొంత మంచి ట్రాన్స్‌మిటర్‌కూ (అంటే రిమోటుకు), కంప్యూటర్‌లో ఎగరేయడం సాధన చేయించే సిమ్యులేటర్‌కూ పెట్టడం మేలని నా వాదన. హెలికాప్టర్ తోక మీవైపు ఉన్నంతసేపు కుడి అంటే కుడే, ఎడమ అంటే ఎడమే. ముక్కు మీవైపు తిరిగిన క్షణం నుంచి పక్కకు జరిపే కదలికలన్నీ మీ కంటికి తారుమారవుతాయి, చేయి పాత అలవాటు ప్రకారం పోతుంది, హెలికాప్టర్ గోడకు కొట్టుకుంటుంది. ఈ ఒక్క పాఠానికే ఎక్కువ రెక్కలు విరుగుతాయి. హెలి-ఎక్స్, రియల్‌ఫ్లైట్ వంటి సిమ్యులేటర్లలో అది ఎన్నిసార్లు కూలినా ఒక మీట నొక్కితే మళ్లీ లేస్తుంది.

మరో మాట. నాలుగు రకాల రేడియో చిప్పులతో వేర్వేరు కంపెనీల సంకేత పద్ధతులను (ప్రోటోకాల్‌లను) పంపగల మల్టీ ప్రోటోకాల్ ట్రాన్స్‌మిటర్ కొంటే అదే వి911ఎస్‌ను నడుపుతుంది, రేపు మీరు కలెక్టివ్ పిచ్‌కు వెళ్లి ఎక్స్‌కె కె110 వంటిది కొన్నా, ఫుటాబా కంపెనీ ఎస్-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్ సంకేత పద్ధతిలో దాన్నీ నడుపుతుంది. కె110లో ప్రధాన మోటారు అరిగిపోయే బ్రష్‌లు లేని బ్రష్‌లెస్ రకం కనుక దాని గురించి త్వరగా బెంగపడనక్కరలేదు. కాని ఇవన్నీ ఎనిమిది వేలలో రావు. కొన్ని నెలలు ఆగి బడ్జెట్టు పెంచుకోగలిగితే ఆగమనే చెబుతాను.

ఎగరేసే చోటు గురించి కూడా ఆలోచించండి. మా ఊళ్లో మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే ఈ చిన్న ఫిక్స్‌డ్ పిచ్ యంత్రాలు ఎదురుగాలికి ముక్కెత్తి వెనక్కి కొట్టుకుపోతాయి. నౌకాదళ వైమానిక స్థావరమైన ఐఎన్‌ఎస్ డేగా ఇక్కడే ఉంది కాబట్టి నగరంలో చాలాచోట్ల బయట ఎగరేయడం కుదరదు, అందుకే నేను లోపలే ఎగరేస్తాను.

ప్రశ్న వేసినవారు (ఖమ్మం నుంచి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. 450 ఆలోచన మానుకున్నాను. అయితే మల్టీ ప్రోటోకాల్ ట్రాన్స్‌మిటర్‌కే నా డబ్బంతా అయిపోయేలా ఉంది, నెలలు ఆగే ఓపిక మా అబ్బాయికి లేదు. నాకు తెలిసిన ఒకరి దగ్గర ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 రిమోటు ఖాళీగా ఉంది, అడిగితే ఇచ్చేస్తారు. దానితో వి911ఎస్‌ను నడపవచ్చా? అలాగే విడిభాగాలలో ఏవి ముందుగా కొనిపెట్టుకోవాలో, మా ఊళ్లో ఎగరేయడానికి అనుమతి ఏదైనా కావాలో కూడా చెప్పండి.

జవాబు (విజయవాడ నుంచి)

ఇటువంటి చిన్న హెలికాప్టర్లను బాగుచేసే పని నాకు తరచుగా పడుతుంది కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను.

ఎఫ్‌ఎస్-ఐ6తో వి911ఎస్ నడవదు. రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేసినా, ఐ6 పంపే ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ సంకేతాన్ని ఆ హెలికాప్టర్ రిసీవర్ గుర్తించదు. అయినా దాన్ని తప్పకుండా తెచ్చుకోండి. దాని వెనుకనున్న ట్రైనర్ పోర్టుకు సిమ్యులేటర్ కేబుల్ తగిలిస్తే కంప్యూటర్‌లో సాధన చేయవచ్చు, విశాఖ మిత్రులు చెప్పిన లాభం చాలావరకు ఆ కేబుల్ ఖరీదుకే దక్కుతుంది. తెచ్చుకునేముందు థ్రాటిల్ ఎడమవైపు ఉందో లేదో చూడండి, దాన్నే మోడ్ 2 అంటారు. హెలికాప్టర్‌ను రిమోటుతో సహా కొనేటప్పుడు కూడా మోడ్ 2నే అడగండి. ఒక మోడ్‌లో సాధన చేసి మరొక మోడ్‌లో ఎగరేస్తే పడిన శ్రమంతా వృథా అవుతుంది.

విడిభాగాలలో రెక్కలు, తోక మోటారు ముందు కొనండి, మిగిలినవి అవసరాన్ని బట్టి చూసుకోవచ్చు. అందరూ రెక్కలు గుర్తుపెట్టుకుంటారు గాని తోక మోటారును మరచిపోతారు. అది చిన్న బ్రష్ మోటారు, ప్రధాన రోటరు తిరుగుడును ఆపడానికి ఎగిరినంతసేపూ ఆగకుండా పనిచేస్తుంది, లోపల కరెంటు అందించే దాని బ్రష్‌లు అరిగిపోవడం సహజం. నిన్నటి దాకా నిటారుగా నిలబడిన హెలికాప్టర్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు కూడా ముక్కును ఒకే పక్కకు తిప్పుకుంటూ పోతుంటే, రిమోటుపై చిన్న సవరణలు చేసే ట్రిమ్ మీటలు నొక్కుతూ కూర్చోకుండా ముందు ఆ మోటారును అనుమానించండి. దానికి వెంట్రుకలు చుట్టుకోవడం కూడా మామూలే.

రెక్కల మరలను బిగదీయకూడదు. రెక్కను వేలితో నెమ్మదిగా తోస్తే పక్కకు మడుచుకునేంత వదులు ఉండాలి, అలాగని హెలికాప్టర్‌ను పక్కకు వంచి పట్టుకున్నప్పుడు రెక్క తనంతట తాను వాలిపోకూడదు. ఆ వదులు ఉంటే దెబ్బ తగిలినప్పుడు రెక్క మడుచుకుని షాఫ్టును కాపాడుతుంది. ఇంతకంటె ముఖ్యమైనది ఎడమ చేతి అలవాటు: ఏదైనా తగలబోతోందని తోచిన వెంటనే థ్రాటిల్‌ను పూర్తిగా కిందికి లాగేయాలి. నా దగ్గరికి వచ్చే వాటిలో కాలిన మోటార్లూ అరిగిన పళ్లచక్రాలూ ఎక్కువగా కింద పడటం వలన పాడైనవి కావు, పడిన తరువాత కూడా నడిపేవారు థ్రాటిల్ వదలక పోవడం వలన పాడైనవి. కాబట్టి ఆ ఒక్క అలవాటును సిమ్యులేటర్‌లోనే మీ అబ్బాయికి చేయించండి, ఎందుకంటే సిమ్యులేటర్‌లో నష్టం కనబడదు కనుక పిల్లలు దాన్ని పట్టించుకోరు.

ఇక బ్యాటరీల సంగతి. ఒక్క సెల్లు లిథియం పాలిమర్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు చూపుతుంది, మూడు వోల్టుల కిందికి పోతే పాడవుతుంది. హెలికాప్టర్ లేవడానికి కష్టపడుతోందనిపించగానే దించేయండి. దించిన వెంటనే వేడి బ్యాటరీని ఛార్జింగ్‌కు పెట్టకండి, చల్లారనివ్వండి. కొన్ని రోజులు వాడనప్పుడు సుమారు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. మీ ఖమ్మం ఎండల్లో స్కూటరు డిక్కీలో బ్యాటరీలు పెట్టుకుని తిరగడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. ఉబ్బినదాన్ని ఇక వాడకూడదు, బతిమాలినా అది కోలుకోదు. ఒక్క బ్యాటరీతో ఐదారు నిమిషాలకు మించి ఎగరలేరు కనుక మరో రెండు మూడు అదే రకానివి తీసుకోండి, ప్లగ్గు సరిపోతుందో లేదో చూసుకోండి.

ఎగరేయడానికి ఫ్యాన్లు ఆపిన పెద్ద గది ఉత్తమం. మూఢం రోజుల్లో కల్యాణమండపాలు ఖాళీగా పడి ఉంటాయి, తెలిసినవారిది ఉంటే అడగండి. బయట అయితే ఎండ ఎక్కకముందు, ఆకు కదలని వేళలో ఎగరేయవచ్చు. అనుమతి విషయానికొస్తే, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు మించనివి నానో వర్గంలోకి వస్తాయి, మీరు చూస్తున్నది బరువులో అంతకు చాలా తక్కువే. నానో వర్గానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. కాని ప్రభుత్వ పటంలో ఎరుపు, పసుపు రంగులతో గుర్తించిన ప్రాంతాల్లో ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయరాదన్న నియమం ఉంది కాబట్టి, బయట ఎగరేసేముందు ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైటులోని ఆ పటంలో మీరుండే చోటు చూసుకోండి.

జవాబు (హైదరాబాద్ నుంచి)

ఐ6, కేబుల్ దొరుకుతున్నాయి కనుక విశాఖ మిత్రుల వాదనకు ఇప్పుడు నాకు అభ్యంతరం లేదు. హెలికాప్టర్ వచ్చేలోగా ఆ సాధన మొదలుపెట్టవచ్చు. కొనేచోటు గురించి ఒక్క మాట చేరుస్తాను. విదేశీ వెబ్‌సైట్లలో ధర తక్కువగా కనిపించినా అక్కడ తొందరపడకండి. 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పూర్తిగా బిగించిన డ్రోన్ల దిగుమతినీ, విడదీసిన కిట్ల రూపంలో తెచ్చుకోవడాన్నీ కొన్ని మినహాయింపులతో నిషేధించింది, విడిభాగాలకు మాత్రం ఆ నిషేధం లేదు. రిమోటుతో ఎగిరే బొమ్మను కస్టమ్స్ అధికారి ఏ లెక్కన చూస్తారన్నది మీ చేతిలో ఉండదు, పార్శిల్ ఆగిపోతే డబ్బు తిరిగి రాబట్టుకోవడం కష్టం. హెలికాప్టర్‌ను మన దేశంలో నిల్వ ఉంచుకుని అమ్మేవారి దగ్గరే తీసుకోండి. డబ్బు కట్టేముందు అదే దుకాణంలో దాని రెక్కలు, తోక మోటారు, బ్యాటరీ విడిగా దొరుకుతాయేమో అడగండి. దొరకవంటే ఎంత చౌకగా ఇచ్చినా ఆ దుకాణం వద్దు.