చెన్నై పెరంబూరులో తెలుగువాళ్ళకి షుగర్ క్లాసులు: నాలుగు ఆదివారాల్లో ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి?

పెరంబూర్_వాలంటీర్:
సంఘం హాల్లో వరుసగా నాలుగు ఆదివారాలు, పూటకి 2 గంటలు దొరికాయి. 30 మంది దాకా వస్తారు, చాలామంది 55 దాటినవాళ్ళే. తమిళం గడగడా మాట్లాడతారు గానీ చదవడం రాదు, ఆస్పత్రి కరపత్రాలేమో తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. 8 మంది ఇన్సులిన్ మీద ఉన్నారు, మిగతావాళ్ళు మాత్రలు. ఒక డాక్టరుగారిని పిలిచి స్లైడ్లతో ఉపన్యాసం పెడదామని కమిటీ అంటోంది. ఇలా చెప్తే షుగర్ నిజంగా తగ్గుతుందా? తగ్గితే ఎంత? తగ్గిందని ఎలా తెలుసుకోవాలి?

షుగర్_క్లాస్_టీచర్:
తగ్గుతుందండీ, కానీ ఉపన్యాసంతో కాదు. 2002లో నోరిస్ అనే పరిశోధకురాలి బృందం అప్పటిదాకా ఇలాంటి క్లాసులమీద జరిగిన అధ్యయనాలు కలిపి లెక్కగట్టింది. క్లాసులు పూర్తవగానే హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు చెప్పే పరీక్ష, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళకంటే 0.76 పాయింట్లు ఎక్కువగా తగ్గింది (ఆ పరీక్ష ఫలితం శాతంలో వస్తుంది). క్లాసులు ఆగిన 1–3 నెలలకి ఆ తేడా 0.26కి పడిపోయింది. ఒక పాయింటు తగ్గాలంటే మనిషికి సుమారు 23.6 గంటల శిక్షణ కావాలని కూడా అందులోనే తేలింది. మీ చేతిలో ఉన్నవి 8 గంటలు. కాబట్టి నాలుగు ఆదివారాలూ ఒకే నెలలో ఖర్చుపెట్టకండి. రెండు ఇప్పుడు, ఒకటి నెల తర్వాత, ఇంకొకటి మూడో నెలలో. మధ్యలో పదిహేను రోజులకోసారి ఒక్కొక్కరికీ 10 నిమిషాల ఫోను.

30 మందినీ వరసల్లో కూర్చోబెట్టొద్దు. పదేసి మంది చొప్పున మూడు బల్లలు: ఒకదానిమీద గ్లూకోమీటరు, ఒకదానిమీద సూదులు, మూడోది పళ్ళెం. 35 నిమిషాలకోసారి బల్ల మారాలి. "అర్థమైందా?" అని ఎవర్నీ అడక్కండి, అందరూ తల ఊపుతారు. "ఇంటికెళ్ళి మీ కోడలికి ఇదెలా చెప్తారో ఇక్కడ చెప్పండి" అనండి. తప్పు అక్కడ బయటపడుతుంది. వంట చేసేవాళ్ళని కూడా రమ్మనండి, పేషెంటు ఒక్కరే వస్తే సగం పని మిగిలిపోతుంది.

సూది_సిరంజి:
ఇన్సులిన్ మీద ఉన్న ఆ 8 మందిని ముందు విడిగా చూడండి. చెన్నైలో అయినా ఎక్కడైనా మన దేశంలో ఇన్సులిన్ ఎక్కువగా రెండు గాఢతల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకి 40 యూనిట్లు, 100 యూనిట్లు. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. ఇన్సులిన్ పెన్నులో వేసే కార్ట్రిడ్జిలు దాదాపు అన్నీ 100 వే. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 8 యూనిట్లే. "ఇన్సులిన్ పనిచేయట్లేదు" అనేవాళ్ళలో ఈ రకం ఉంటారు, పైగా డోసు పెంచుతారు. అటుది ఇటైతే ఇంకా ప్రమాదం: 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే 50 యూనిట్లు. అందుకే క్లాసుకి ఖాళీ డబ్బాలు కాదు, వాళ్ళు వాడుతున్న సీసా, సిరంజి రెండూ తెమ్మనండి. పక్కపక్కన పెట్టి అంకెలు సరిచూడండి.

ఇక గుచ్చడం. పాలలా ఉండే 30/70 మిశ్రమ ఇన్సులిన్‌ని కుదపకూడదు. అరచేతుల మధ్య 10 సార్లు దొర్లించి, 10 సార్లు తలకిందులు చేయాలి. పెన్నయితే ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క రావడం చూడాలి, గుచ్చాక 10 అంకెలు లెక్కపెట్టి తీయాలి. 4 మి.మీ. సూది నిటారుగా వెళ్తే చాలు. పొట్టమీద రోజూ అదే చోట గుచ్చితే కొవ్వు గడ్డకడుతుంది, అక్కడ మందు ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. గడ్డ ఒక్కోసారి కంటికి ఆనదు, వేళ్ళతో తడిమి చూడాలి. కిందటి పోటుకి ఒక వేలి వెడల్పు దూరం జరుపుతూ పోవాలి. గడ్డల్లో గుచ్చడం మానితే మందు బాగా ఎక్కి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఆ మార్పు డాక్టరుకి చెప్పకుండా చేయొద్దు. డోసు సంగతి వాలంటీర్లు అసలు ముట్టుకోకూడదు.

తెరవని సీసా ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల దగ్గర, ఫ్రీజర్‌లో కాదు, దాని గోడకి ఆనించీ కాదు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ పారేయాల్సిందే. వాడుతున్నది చాలావరకు 28 రోజులు బయట ఉండొచ్చు, కానీ 30 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో మన ఊళ్ళో అది బయట కుదిరే పని కాదు. కరెంటు లేని గంటల్లో నీళ్ళు పోసిన మట్టికుండలో చిన్న డబ్బాలో పెట్టమనండి.

పప్పుకూర:
తిండి బల్ల దగ్గర "తినకూడనివి" జాబితా పంచొద్దు. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అతుక్కుంటుంది, తిండి మారదు. ఒక తూకం, వాళ్ళు రోజూ తినే గిన్నె చాలు. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం 28 గ్రాముల దాకా ఉంటుంది. "కొంచెమే తింటానండీ" అనేవారి గిన్నె తూస్తే ఆ కొంచెం ఎంతో వాళ్ళకే తెలుస్తుంది. సగం పళ్ళెం కూర, పావు పప్పు లేదా చేప, పావు అన్నం. కూర, పప్పు ముందు తిని అన్నం చివర తింటే తిన్న తర్వాత షుగర్ అంతగా ఎగరదు.

రాగిజావని మందులా తాగేవాళ్ళు ఉంటారు. మెత్తగా విసిరి పలచగా కాస్తే అది త్వరగా అరుగుతుంది, త్వరగా పెంచుతుంది. తాటిబెల్లం కాఫీ కూడా అంతే, పేరు మారినా చక్కెరే. వాదించకండి, మీటరుతో తేల్చండి: తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టి 2 గంటలకి ఇంకోసారి. చేతులు సబ్బుతో కడిగాకే. మామిడిపండు కోసిన వేలిని గుచ్చితే లేని షుగర్ కనిపిస్తుంది.

పెరంబూర్_వాలంటీర్:
చాలా థాంక్స్ అండీ. సిరంజి సంగతి మాకు తట్టనే లేదు. కమిటీలో ఒకాయన ఫోన్లు కష్టం, వాట్సాప్ గ్రూపు చాలదా అంటున్నారు. ఇంకోటి, షుగర్ పడిపోయినప్పటి సంగతి ఎవరూ రాయలేదు.

షుగర్_క్లాస్_టీచర్:
చెన్నైలోనే డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2013లో చూపించింది: రెండేళ్ళపాటు తిండి, వ్యాయామం గురించి మొబైల్ మెసేజీలు అందినవాళ్ళలో 18 శాతం మందికి, అందనివాళ్ళలో 27 శాతం మందికి షుగర్ వచ్చింది. కాకపోతే వాళ్ళు ఇంకా షుగర్ రాని, ఉద్యోగాలు చేసే మగవాళ్ళు. చదవడం కష్టమైన మీవాళ్ళకి తెలుగులో నిమిషం వాయిస్ మెసేజీ పంపండి, ఫోను మాత్రం మానొద్దు. ఫార్వర్డులు రాకుండా గ్రూపులో అడ్మిన్లే పోస్ట్ చేసేలా పెట్టండి, లేకపోతే వారంలో కాకరకాయ కషాయం వచ్చేస్తుంది.

షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్, అంటే మూడు టీ చెంచాల పొడి నీళ్ళలో. 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి, ఇంకా తక్కువుంటే మళ్ళీ అంతే, ఆ తర్వాత తిండి. చాక్లెట్ వద్దు, కొవ్వు దాన్ని ఆలస్యం చేస్తుంది. వోగ్లిబోస్, అకార్బోస్ వేసుకునేవాళ్ళకి పంచదార త్వరగా పనిచేయదు, ఎందుకంటే ఆ మాత్రలు చక్కెర విడిపోవడాన్నే అడ్డుకుంటాయి. వాళ్ళ జేబులో గ్లూకోజే ఉండాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయాలి. కార్తీక సోమవారాలు వచ్చేలోపు ఇంకోమాట: గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని ఉపవాసం ఉంటే మధ్యాహ్నానికి షుగర్ పడిపోవచ్చు. ఉపవాసం ఉంటానని డాక్టరుకి ముందే చెప్పమనండి.

సూది_సిరంజి:
కొలవడం గురించి: మొదటిరోజూ మూడో నెలా హెచ్‌బీఏ1సీ, రెండుసార్లూ ఒకే ల్యాబులో. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించగలదు, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్ళకీ నమ్మలేం. అందుకని దాంతోపాటు పనులు కూడా లెక్కపెట్టండి: ఎంతమంది సరైన సిరంజి పట్టుకున్నారు, ఎంతమంది జేబులో గ్లూకోజ్ ఉంది, ఎంతమంది రాత్రి పడుకునేముందు అరికాళ్ళు అద్దంలో చూసుకుంటున్నారు. తమిళనాడు ప్రభుత్వ పథకం "మక్కళై తేడి మరుత్తువం" కింద మాత్రలు ఇంటికే వచ్చేవాళ్ళని కళ్ళ పరీక్ష, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారో అడగండి.