‘దిద్దు’: ఓనమాలు దిద్దేది పిల్ల, పేపరు దిద్దేది మాస్టారు. మరి కర్త ఎవరు? (మారుపేర్లతో కొందరి చర్చ)

తలకట్టు: బి.ఎడ్. విద్యార్థులకు విద్యా సమాజశాస్త్రం పాఠం తెలుగులో రాయాల్సి ఉంది. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ దగ్గర పని ఆగింది. సమాజంలో బతకడానికి ఇంకా సిద్ధం కాని పిల్లల మీద పెద్దల తరం చేసే పనే చదువు అంటాడాయన (1911). దానికి ‘తీర్చిదిద్దడం’ అతికినట్టే ఉంది. కానీ ‘ఓనమాలు దిద్దడం’, ‘పేపర్లు దిద్దడం’ కూడా ఉన్నాయిగా. మూడింట్లో ఉన్నది ఒకే క్రియేనా? చెవి దిద్దుల సంగతి వదిలేయండి, ఈ చర్చకు అవి అక్కర్లేదు.

గంటం: ఒకటే క్రియ. కన్నడంలో ‘తిద్దు’, తమిళంలో ‘తిరుత్తు’ దీని చుట్టాలు. కన్నడంలోనూ అక్షరం తిద్దుతారు, తప్పూ తిద్దుతారు, కాబట్టి ఇది మన ఒక్కరి పోకడ కాదు. ఉన్న గీత మీద మళ్ళీ చెయ్యి పోనిచ్చి రూపానికి తేవడం దీని మూలార్థం. ముగ్గు దిద్దినా, బొట్టు దిద్దినా, మీసం దిద్దినా అదే. తప్పును దిద్దడం దాన్నుంచి ఒక్క అడుగే.

మీరు వెతకాల్సింది అర్థంలో కాదు, వాక్యంలో. ‘పాప ఓనమాలు దిద్దింది’లో నేర్చుకునే పిల్లే కర్త. ‘మాస్టారు పేపర్లు దిద్దారు’లో పిల్ల ఊసే లేదు, కాగితం మిగిలింది. ‘బడి పిల్లల్ని తీర్చిదిద్దుతుంది’ దగ్గరికి వచ్చేసరికి పిల్లలు కర్మ అయిపోయారు, ద్వితీయా విభక్తి తగిలించుకుని మరీ. డర్క్‌హైమ్ చెప్పింది సరిగ్గా ఈ మూడోదే, మీ అనువాదానికి ఢోకా లేదు. పాఠంలో మాత్రం మూడు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఒక గంట క్లాసు అక్కడే నడుస్తుంది.

ఇసుకపళ్ళెం: మొదటి వాక్యంలో కూడా పిల్ల అంత స్వతంత్రురాలేం కాదండీ. దిద్దడంలో రెండు రకాలున్నాయి. పిల్ల పిడికిలి పట్టుకుని మాస్టారు వేలు నడిపించడం ఒకటి, ముందే రాసిపెట్టిన అక్షరం మీద పిల్ల తనంతట తాను బలపం పోనివ్వడం ఇంకొకటి. మొదటిదాంట్లో చేతి నడక అందుతుంది. రెండోదాంట్లో ఆకారం ఒక్కటే అందుతుంది. రాసి ఉన్న అక్షరాన్ని చూస్తే దాన్ని ఎక్కడ మొదలుపెట్టారో తెలియదుగా. అందుకే కొందరు పిల్లలు ముందు తలకట్టు కొట్టి తర్వాత ఒళ్ళు గీస్తారు, కొందరు తోక నుంచి వెనక్కి వస్తారు. చుక్కలు కలిపే వర్క్‌బుక్కుల్లోనూ ఇదే జబ్బు. మొదలయ్యే చోట ఒక పెద్ద చుక్క, పక్కన బాణం గుర్తు పెడితే సగం తగ్గుతుంది.

బియ్యంలో దిద్దించేవాళ్ళు పళ్ళెం నిండా పోస్తారు, అది పొరపాటు. వేలు లాగగానే పక్క గింజలు జారి గాడి పూడిపోతుంది. వేలు పోయిన చోట పళ్ళెం అడుగు కనిపించేంత పలచగా పరవాలి. పలక మీదయితే అయిదారు సార్లకు మించి ఒకే అక్షరం మీద దిద్దించొద్దు. గీత లావెక్కి ‘ఘ’, ‘ఋ’ లాంటి వాటిలో సందులు మూసుకుపోతాయి, తర్వాత పిల్ల దిద్దేది అక్షరం కాదు, తెల్లటి ముద్ద. తుడిచి కొత్తగా రాసివ్వాలి.

‘గుంట ఓనమాలు’ అన్న మాటలో గుంట, ఇసుకలో వేలు చేసిన ఆ గాడే.

వీసం: ఇసుక మాట వచ్చింది కాబట్టి. 1822లో మద్రాసు గవర్నరు మన్రో జిల్లాల్లో బడుల లెక్క అడిగాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు వాటిలో అన్నిటికన్నా వివరంగా ఉంటుంది. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోదే, పైగా ఈయన 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు, కాబట్టి మన బడి సంగతులు తెలిసే రాశాడు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. తెలుగు చెప్పేవి 226, కన్నడం చెప్పేవి 235.

ఆయన ప్రత్యేకంగా గమనించిన సంగతి: ఐరోపాలోలాగా ముందు అక్షరం పలికించి తర్వాత రాయించడం కాదు, ఇక్కడి పిల్లవాడు నేల మీద ఇసుకలో వేలితో రాస్తూనే అక్షరం నేర్చుకుంటాడు. అది పట్టుబడ్డాకే తాటాకు మీద గంటం, కాగితం మీద రెల్లు కలం, లేదా పలక, కడతం. ఆ పలక ఇప్పటి రాతి పలక కాదు. అడుగు వెడల్పు, మూడడుగుల పొడవున్న చెక్క. చిత్రిక పట్టి, కాస్త అన్నం, బొగ్గుపొడి కలిపి పూస్తే సిద్ధం. కడతం అంటే గంజి పట్టించిన గుడ్డను పుస్తకంలా మడతలు పెట్టి, బొగ్గు, బంకలు కలిపి పూసింది. తడిగుడ్డతో తుడిస్తే రాత పోతుంది. తర్వాత లెక్కలు. భిన్నాలు పదుల మీద కాదు, నాలుగుల మీద: కాలు (1/4), వీసం (1/16), కాని (1/64).

పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దాన్ని చూసే నేర్చుకుంది అని కూడా రాశాడు. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి బడిలో ఇసుక రాత చూసి తన బడిలో పెట్టాడు. 1797లో లండన్‌లో ఆ పద్ధతి గురించి పుస్తకం అచ్చు వేశాడు. అలా మన ఇసుక ఇంగ్లండు బడి బల్లల మీదికెక్కింది.

దీర్ఘం: వీసం గారూ, అదే నివేదికలో మిగతా సగం కూడా చెప్పండి. ఆ 6,641లో ఆడపిల్లలు 60 మంది. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు, అంటే వెయ్యికి ఏడుగురు కూడా బడిలో లేరు. పొద్దున ఆరింటికి ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్న, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా ఒక్కొక్కటీ పెరుగుతూ. ఇరవయ్యోవాడి చెయ్యి ఏమయ్యుంటుందో లెక్క వేసుకోండి. సోమరికి కోదండం, అంటే రెండు చేతులూ కట్టి కప్పుకు వేలాడదీయడం. కాకుంటే గుంజీళ్ళు. ‘పిల్లే కర్త’ అని మురిసిపోయేముందు, వెయ్యికి ఏడుగురిలో కర్త అని చదువుకోవాలి.

ఇంకోటి. పరీక్షలొచ్చాకే ‘దిద్దు’కు తప్పులెంచే అర్థం వచ్చిందని ఎవరైనా అనేలోపే చెబుతున్నా, అది నిలవదు. 1820లలో సి. పి. బ్రౌన్ వేమన పద్యాల ప్రతులు పోగుచేసి పండితుల చేత దిద్దించాడు. అప్పటికి మద్రాసులో యూనివర్సిటీయే లేదు.

గంటం: ఒప్పుకుంటాను. అర్థం పాతదే, మారింది వాడుక బరువు. ఇసుక, పలక అయితే దిద్దినకొద్దీ బాగుపడతాయి, తుడిస్తే పోతాయి. తాటాకు మీద గంటం గీసింది చెరగదు, కొట్టేసి పక్కన రాయాలి. పరీక్ష కాగితమూ ఈ రెండో జాతిదే.

ఆ బరువు ఎక్కడ పెరిగిందో చూడాలంటే డబ్బు లెక్క చూడాలి. ఇంగ్లండులో 1862 నియమావళి ప్రకారం బడికి వచ్చే గ్రాంటులో పెద్ద భాగం ఇన్‌స్పెక్టరు పరీక్ష మీద ఆధారపడేది. పిల్లవాడికి 8 షిల్లింగులు, చదవడం, రాయడం, లెక్కల్లో ఒక్కోటి తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. అలాంటి ‘ఫలితాన్ని బట్టి గ్రాంటు’ మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, వీధిబడి పంతులు దాకా వచ్చింది. ఏమవుతుంది? ఇన్‌స్పెక్టరు అడిగే పుటలే పంతులు వల్లె వేయిస్తాడు. పిల్ల రాసిన గీత పంతులు కూటికి సంబంధించినదైపోయాక, దాన్ని దిద్దే హక్కు పిల్ల చేతిలో ఎందుకుంటుంది? పరీక్ష అంటే గమనించడం, తీర్పు చెప్పడం, దస్త్రంలో ఎక్కించడం మూడూ కలిసిన పని అని ఫ్రెంచి తత్త్వవేత్త ఫూకో 1975లో రాసింది ఇదే.

వీసం: ఏది తప్పు అన్నది ఎవరు తేలుస్తారు అన్నదే అసలు కీలకం. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్తలు బూర్దియూ, పాసెరాన్ల 1970 నాటి వాదం అదే: ఇంట్లో ఉగ్గుపాలతో వచ్చిన భాషకు బడి ప్రతిభ అని పేరు పెడుతుంది. దీనికి ఫ్రాన్సు ఉదాహరణ అక్కర్లేదు, మన వాడుక భాష గొడవ చాలు. పిల్లవాడు ‘వచ్చారు’ అని రాస్తే కొట్టేసి ‘వచ్చిరి’ అని దిద్దేవాళ్ళు. తప్పు భాషలో లేదు, ఎర్ర సిరాలో ఉంది. గిడుగు, గురజాడ పోరాడింది ముఖ్యంగా బడి పుస్తకం, పరీక్ష వ్యాసం గురించే. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా దీని మీదే. తెలంగాణ పిల్లలు ‘చేసుడు’, ‘పోవుడు’ అని రాస్తే చాలా కాలం అదే ఎర్ర సిరా.

అన్నట్టు గురజాడ 1910 కథ పేరే ‘దిద్దుబాటు’. చదువుకున్న భార్య మొగుణ్ణి దిద్దుతుంది అందులో. మీ కర్త–కర్మల పట్టికలో దాన్ని ఎక్కడ పెడతారు గంటం గారూ?

గంటం: నాలుగో గడిలో :) కర్మ లేచి కర్త అయిన గడి.

తలకట్టు: చాలా సాయం చేశారు. ఇంకొక్క సందేహం. పబ్లిక్ పరీక్షల పేపర్లకు ఒకచోట చేరి మార్కులు వేయడాన్ని పత్రికలు ‘మూల్యాంకనం’ అంటాయి, టీచర్లు ‘స్పాట్‌కు వెళ్ళారు’ అంటారు. పాఠంలో ‘పేపర్లు దిద్దడం’ అని ఉంచనా?

ఇసుకపళ్ళెం: నోటుపుస్తకానికి ‘దిద్దడం’ ఉంచండి. అక్కడ తప్పు కింద సరైన రూపం రాస్తారు, పిల్ల దాన్ని మళ్ళీ రాస్తుంది. స్పాట్‌కు ‘మూల్యాంకనం’ అనే రాయండి. అక్కడ ఎవరూ ఏ తప్పునూ సరిచేయరు, మార్కు వేసి కట్ట కడతారు. దిద్దిన గుర్తుగా పిల్ల చేతికి వచ్చేది ఒక అంకె.